మట్టిలో గుచ్చిన చెంచాలు

శుక్రవారం సాయంత్రం తల్లి ఇంటికి భోజనానికి వెళ్లేటప్పుడు చార్నా తన తిండి తనే కట్టుకుని వెళ్లేది. వెండి కాగితంలో చుట్టిన కోడి ముక్క, డబ్బాలో ఉడికించిన బంగాళాదుంపలు, కాగితం పళ్లేలు, కాగితం గిన్నె, ప్లాస్టిక్ చెంచా. అన్నీ ఒక గుడ్డ సంచిలో సర్దుకుని, మంచులో జారకుండా అడుగులో అడుగు వేసుకుంటూ నాలుగు వీధులు నడిచేది. శుక్రవారం పొద్దుగూకగానే మొదలయ్యే విశ్రాంతి దినం, సబ్బాతు నాడు ఆమె బస్సెక్కదు.

తల్లి పెస్యా మాత్రం మానకుండా వండేది. బల్ల మీద రెండు పళ్లేలు పెట్టేది. కూతురు సంచి విప్పగానే ఒక పళ్లెం తీసి, ఏమీ అననట్టే, అలమరలో చప్పుడయ్యేలా పెట్టేది.

"ఇదేమన్నా ఆస్పత్రా, క్యారేజీ తెచ్చుకుంటున్నావు?"

"అమ్మా, మళ్లీ మొదలుపెట్టకు."

"నేనెక్కడ మొదలుపెట్టానే? మొదలుపెట్టింది నువ్వు. ఇన్నేళ్లూ నా చేతి కూడు తిని పెరిగిన ఒళ్లు అది. ఇప్పుడు దానికి నా గిన్నె పనికిరాకుండా పోయింది."

చార్నా దగ్గర దీనికి జవాబుంది. పాలూ మాంసమూ కలవని వంటిల్లు కావాలి, నియమం ప్రకారం కోసిన మాంసం కావాలి, గిన్నెలు కోషర్ చేసినవై, అంటే ధర్మం ప్రకారం శుద్ధి చేసినవై ఉండాలి. బడిలో పిల్లలకు పాఠం చెప్పినంత శుభ్రంగా చెప్పగలదు. కానీ తల్లి మొహం చూస్తూ చెప్పడం మొదలుపెడితే ఆ పాఠం సగంలోనే ఆగిపోయేది.

ఆ ఇంట్లో అలాంటి పాఠాలు ఎవరూ చెప్పలేదు. తండ్రి మోట్ల్ కోట్ల ఫ్యాక్టరీలో గుడ్డ కత్తిరించేవాడు. కార్మిక సంఘం మనిషి. దేవుడంటే యజమాని తరఫు మనిషని ఆయన నమ్మకం. ఊళ్లో యూదులందరూ ఉపవాసం ఉండే ప్రాయశ్చిత్త దినాన, ఆయన వంటింటి కిటికీ తెర తీసి, వీధిలో పోయేవాళ్లకు కనబడేలా కూర్చుని ఆవాలు నూరిన ముద్దతో పంది మాంసం తినేవాడు. పెస్యా వచ్చి తెర మూసేది. ఆయన మళ్లీ తీసేవాడు. పొద్దుగూకేదాకా వాళ్లిద్దరికీ అదే పని.

అలాగని ఆయనకు తను యూదుణ్ని కాదనే ఆలోచన ఎప్పుడూ లేదు. ఇంట్లో యిద్దిష్ భాష తప్ప ఇంకో మాట వినబడకూడదు. ఆదివారాలు సంఘం హాల్లో నడిచే బడికి కూతుర్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, ఆ అక్షరాలు తనే దిద్దించాడు. "మనం ఎవరమో చెప్పడానికి పైనుంచి ఎవడి సంతకమూ అక్కర్లేదు, పిల్లా" అనేవాడు.

ఆయన పోయినప్పుడు, ఆచారం ప్రకారం ప్రార్థన చెప్పడానికి కొడుకులు లేరు, చార్నా ఒక్కతే. తండ్రి పేరున ప్రార్థన చెప్పమని ఆమెను ఎవరూ అడగలేదు. చెప్పమని ఆయన అడిగే ప్రసక్తే లేదు. అయినా ఏదో ఒక ఉదయం, బడికి వెళ్లే దారిలో, యూదుల చిన్న మందిరం ఒకటి కనబడితే మెట్లెక్కింది. ఆడవాళ్ల వైపు బెంచీ మీద ఒక్కతే కూర్చుని పుస్తకం తెరిచింది. అక్షరాలు నాన్న నేర్పినవే. మాటలే కొత్త, హీబ్రూవి. ఆ నాస్తికుడు దిద్దించిన అక్షరాలతోనే ఆయన కోసం దేవుణ్ని పొగుడుతుంటే ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. పదకొండు నెలలు చెప్పాలి. చెప్పింది. తర్వాత మానలేకపోయింది.

"మీ నాన్న వింటే సమాధిలోంచి లేచొచ్చి నీ నోరు మూసేవాడు" అంది పెస్యా.

"లేచొస్తే మంచిదే కదమ్మా" అంది చార్నా.

ఆ కుటుంబంలో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటి మనిషి చార్నా. చదువు ఎలా సంపాదించిందో ధర్మాన్నీ అలాగే సంపాదించాలనుకుంది. పుస్తకాలు తెచ్చుకుంది, మంగళవారం క్లాసుకు వెళ్లింది, అనుమానం ఉన్నదల్లా వదిలేసింది. నియమాలున్న ఇంట్లో పుట్టి పెరిగినవాళ్లకు ఎక్కడ పట్టు విడవొచ్చో, ఎక్కడ విడవకూడదో చేతులకే తెలుస్తుంది. ఆమె చేతులకు తెలియదు. అందుకని అన్నిచోట్లా బిగించి పట్టుకునేది.

పెస్యాకు ఇది కొత్త అవమానం కాదు. ఆమె తల్లి హిండా చివరి సంవత్సరాల్లో ఈ ఇంట్లోనే ఉండేది. అల్లుడి పంది మాంసం ఉడికిన వంటింట్లో ఆవిడ గుక్కెడు నీళ్లు కూడా ముట్టలేదు. వెనక వసారాలో కూర్చుని, తన సొంత రేకు పళ్లెంలో ముల్లంగి, రొట్టె, ఉప్పు చేప పెట్టుకుని తినేది. ఎవరైనా పొరపాటున ఆవిడ చెంచా ముట్టుకుంటే గొణుక్కుంటూ పెరట్లోకి వెళ్లి బీట్‌రూట్ మడి పక్కన మట్టిలో గుచ్చేది. కొన్నాళ్లు అక్కడే ఉంచి, తీసి కడుక్కునేది. మట్టి మైలను లాగేస్తుందని ఆవిడ నమ్మకం. మోట్ల్ కిటికీలోంచి చూసి కేకేసేవాడు: "పెస్యా, మీ అమ్మ చెంచాలు నాటుతోంది! వానలు పడితే ఈ ఏడు ఫోర్కులు కాపుకొస్తాయి!"

చార్నా అప్పుడు చిన్నపిల్ల. తనూ నవ్వింది. తల్లి నవ్విందో లేదో చూడలేదు.

అలా పెస్యా చేతి వంటను ముందు తల్లి తినలేదు. ఇప్పుడు కూతురు తినడం లేదు. చివరిదాకా తిన్నవాడు మోట్ల్ ఒక్కడే. ఎవరికైనా వడ్డించి, వాళ్లు మొదటి చెంచా మింగకముందే "ఉప్పు సరిపోయిందా?" అని అడగడం ఆమెకు అలవాటు. ఆయన పోయాక ఆ ప్రశ్న అడగడానికి మనిషి లేకుండా పోయాడు.

ఆ డిసెంబరులో పెస్యా కాళ్లు వాచాయి. గుండె నీరసించిందన్నారు. ఉప్పు పూర్తిగా మానేయమన్నారు. డాక్టరు చార్నాను నడవాలోకి పిలిచి, వసంతం దాకా మాట ఇవ్వలేనని మెల్లిగా చెప్పాడు. ఆ సంగతి చార్నా ఇంట్లో చెప్పలేదు. చెప్పకపోయినా పెస్యాకు తెలిసిపోయింది.

జనవరిలో ఒక శుక్రవారం, కూతురు సంచి విప్పుతుంటే పెస్యా ఆ సంచి మీద చెయ్యి వేసింది.

"వచ్చే వారం ఇది లేకుండా రా."

"అమ్మా..."

"ఒక్క శుక్రవారమే. నీకెలా కావాలో అలాగే చేస్తాను. పోయేలోగా ఒక్కసారి నువ్వు నా చేతి సూపు తాగుతుంటే చూడాలనుంది. ఇంకేమీ అడగను."

"కోషర్ చెయ్యడమంటే మాటలు కాదమ్మా. నీకు ఓపికెక్కడుంది? ఆదివారం నేనొస్తాను. క్లాసులో ఒకావిడకు ఇవన్నీ బాగా తెలుసు, ఆవిణ్నీ తీసుకొస్తాను."

"నా వంటింట్లోకి పరాయి మనిషిని తెచ్చి నా గిన్నెలు మంచివో చెడ్డవో చూపిస్తావా? చీపురు తిరగేస్తాను. నేను హిండా కూతుర్ని. నాకు తెలుసు."

"నీకేం తెలుసమ్మా? ఇన్నేళ్లలో..."

"తెలుసన్నాను కదే!"

తల్లికి ఆయాసం వచ్చింది. చార్నా సరేనంది. ఆ వారం బడిలో పరీక్షలు. ఆదివారం వెళ్దామనుకుంది, వెళ్లలేదు. బుధవారం ఫోన్ చేస్తే పెస్యా గొంతులో ఎప్పుడూ లేని హుషారు వినబడింది. "పనిలో ఉన్నాను, పెట్టెయ్" అంది. చార్నాకు ముచ్చటేసింది. ఏం చేస్తున్నావని అడగలేదు.

శుక్రవారం ఆమె వెళ్లేసరికి పొద్దు వాలుతోంది. తలుపు తెరవగానే కోడి సూపు వాసన, సోయాకు వాసన. చిన్నప్పటి వాసన. కళ్లద్దాల మీద ఆవిరి పట్టి కాసేపు ఏమీ కనబడలేదు. కనబడేసరికి ఎదురుగా గిట్టెల్ నిలబడి ఉంది. గిట్టెల్ పక్కింటావిడ. పెస్యాతో పాటు కోట్ల ఫ్యాక్టరీలో బొత్తాలు కుట్టిన మనిషి. చార్నా ఆవిణ్ని చిన్నప్పట్నుంచీ పిన్నీ అనే పిలుస్తుంది.

"రా పిల్లా, రా! మీ అమ్మ నన్ను వారం రోజుల్నుంచి గాడిదలా తిప్పుతోంది. ఫ్యాక్టరీలో మేస్త్రీ కూడా ఇంత పని చేయించలేదు."

"నీకెందుకే బడాయి? గోడవారన కూర్చుని కబుర్లు చెప్పావు" అంది పెస్యా వంటింట్లోంచి. ఆమె మంచి గౌను వేసుకుంది. వాచిన పాదాలు చెప్పుల్లో పట్టక మడమలు బయటే ఉన్నాయి. మొహం మాత్రం వెలిగిపోతోంది.

"ఇలా రా. చూడు."

వంటింటి కిటికీ గట్టు మీద పెస్యా శీతాకాలమంతా కాపాడుకునే జెరానియం కుండీలు వరసగా ఉన్నాయి. చార్నా చూసింది. ఎర్రటి పూల మధ్య చెంచాలు, ఫోర్కులు, కత్తులు తలకిందులుగా దిగి ఉన్నాయి. పిడులు మాత్రం పైకి కనబడుతున్నాయి. కొన్నిచోట్ల మట్టిలో ఖాళీ చీలికలు. అక్కడున్నవి తీసి కడిగి బల్ల మీద పెట్టినట్టున్నారు.

"పెరడు గడ్డకట్టి రాయిలా ఉంది, పార కూడా దిగదు" అంది పెస్యా. "అందుకని ఇందులో గుచ్చాను. ఆదివారం నుంచి. మా అమ్మ మూడు రోజులే ఉంచేది. నేను ఇంకా ఎక్కువే ఉంచాను, నీకు ఏ అనుమానమూ లేకుండా. అక్కడ రెండు మిగిలాయిలే, గిట్టెల్‌కి వంగితే నడుం పట్టేసింది."

"నడుం కాదు, నీ పూల ముళ్లు."

"జెరానియంకి ముళ్లుంటాయటే?"

వాళ్లిద్దరూ నవ్వుతున్నారు. చార్నా ఆ పిడుల నుంచి బల్ల మీది చెంచాల వైపు చూసింది. మట్టిలో గుచ్చితే చెంచా కోషర్ కాదు. క్లాసులో ఒక మంగళవారం మందిరం గురువు రబ్బీ ఈ సంగతే చెప్పాడు. ముసలమ్మల నమ్మకమని, ధర్మంలో దానికి చోటు లేదని, మరిగే నీళ్లలో ముంచాలని. అప్పుడు అందరితో పాటు తనూ నవ్వింది.

"చెయ్యి కడుక్కొస్తాను" అని నడవాలోకి వెళ్లి, ఫోన్ తీసి రబ్బీ ఇంటి నంబరు తిప్పింది. గంట మోగుతూనే ఉంది. ఎవరూ తియ్యలేదు. ఆయన ఈపాటికి మందిరానికి బయల్దేరిపోయి ఉంటాడు. కిటికీ అద్దంలోంచి చూస్తే ఎదురింటి కప్పు మీద ఎండ చివరి గీత మాత్రమే ఉంది. అది పోతే తను ఫోన్ కూడా ముట్టకూడదు. ఇంకోసారి తిప్పింది. మోగింది, ఆగింది.

తిరిగొచ్చేసరికి పెస్యా కొవ్వొత్తులు వెలిగిస్తోంది. ఆ ఇంట్లో ఆమె సబ్బాతు కొవ్వొత్తులు వెలిగించడం చార్నా ఎప్పుడూ ఎరగదు. వెలిగించి, చేతులు మూడుసార్లు మంట మీంచి తన వైపు తిప్పుకుని, కళ్లు మూసుకుంది. పెదవులు కదిలాయి. మంత్రం మధ్యలో మర్చిపోయింది కాబోలు, ఆగింది. మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టింది. గిట్టెల్ ముక్కు చీదుకుంది.

"ఏడవకే, ఇంకా పోలేదు నేను" అంది పెస్యా కళ్లు తెరవకుండానే.

కూర్చున్నారు. పెస్యా సూపు గిన్నె తనే ఎత్తి తెచ్చి బల్ల మీద పెట్టింది. తొణకకుండా గరిటెతో వడ్డించింది. అది హిండా గరిటె. వలస వచ్చేటప్పుడు పాత దేశం నుంచి తెచ్చుకుంది. పిడి మెడ దగ్గర, వంపులో, సన్నటి నల్లటి మట్టి గీత కడగకుండా మిగిలిపోయింది. చార్నా చూపు దాని మీదే ఆగిపోయింది.

పరాయి మనిషికైతే ఏదో సాకు చెప్పొచ్చు. ఇది అమ్మ. ఇంకెన్నాళ్లుంటుందో తెలియని అమ్మ. తాగెయ్యొచ్చు. ఒక్క గిన్నె. ఆకాశం విరిగి మీద పడదు. కానీ అలా అనుకోగానే నాన్న కిటికీ తెర తీసి నవ్వుతున్నట్టు కనబడింది. ఇంతేనా నీ దేవుడు, ఒక్క గిన్నె సూపుకే లొంగిపోయాడా అన్నట్టు. రెండేళ్లుగా ఒక్కో మెట్టూ భయపడుతూ ఎక్కింది. ఇక్కడ కాలు జారితే ఎంత కిందకు పోతుందో ఆమెకు తెలియదు. నియమాలు బాగా తెలిసిన మనిషైతే ముందు అడిగి ఉండేది. గిన్నె కొత్తదా, కోడి ఎక్కడిది అని. చార్నాకు అడగాలని తట్టనే లేదు. ఆ వంటింట్లో కొత్త వస్తువు ఎప్పుడైనా చూస్తే కదా.

"అమ్మా, పొద్దుట్నుంచీ కడుపులో బాలేదు" అంది. "బడిలో ఏదో... రొట్టె తింటానులే."

గిట్టెల్ ఏదో అనబోయింది. పెస్యా ఆవిడ చెయ్యి మీద చెయ్యి వేసి ఆపింది.

"కడుపు బాలేకపోతే బలవంతం చెయ్యకూడదు" అంది. లేచి వెళ్లి, రెండు ముల్లంగులు కడిగి, ఒక కాగితం పళ్లెంలో పెట్టి తెచ్చింది. ఆ పళ్లెం చార్నా ఏదో వారం అక్కడ వదిలేసిందే. "మా అమ్మ కూడా ముల్లంగే తినేది."

ఆ తర్వాత ఆమె తన ముందున్న ఉప్పులేని దుంప ముక్క చిదిపి చిదిపి తింది. గిట్టెల్ రెండు గిన్నెల సూపు తాగింది.

"ఎలా ఉందే? నేను రుచి చూడకూడదాయె" అని అడిగింది పెస్యా.

"నీ జన్మలో ఇంత బాగా ఎప్పుడూ కుదరలేదు" అంది గిట్టెల్, నీళ్ల గ్లాసు అందుకుంటూ.

"అయితే మిగిలింది సీసాలో పోసి ఫ్రీజర్లో పెట్టు. దీని కడుపు బాగయ్యాక తాగుతుంది."

వెళ్లేటప్పుడు తల్లి గుమ్మం దాకా వచ్చింది. చార్నా మెడకు ఉన్ని గుడ్డ చుట్టి, చిన్నప్పుడు చుట్టినట్టే వెనక ముడి వేసింది. "జారుతుంది, గోడవార నడు" అంది. ఇంకేదైనా అని ఉంటే బాగుండేదని చార్నా దారి పొడుగునా అనుకుంది.

మంగళవారం ఉదయం చార్నా పిల్లలకు నదుల పాఠం చెబుతుండగా ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. ఫోన్లో గిట్టెల్. ఏడుపు తప్ప మాట లేదు. మాట అక్కర్లేకపోయింది.

పెస్యాను మోట్ల్ పక్కనే పెట్టారు. గడ్డకట్టిన నేలను ముందురోజే నిప్పులతో కాగబెట్టి తవ్వారట. పెళ్లలు పెట్టె మీద పడుతుంటే రాళ్ల చప్పుడైంది. అక్కడ పారను ఒకరి చేతిలోంచి ఒకరు అందుకోకూడదు. మట్టి వేసినవాళ్లు పారను కుప్పలో గుచ్చి వదిలేస్తే తర్వాతివాళ్లు దాన్ని తీసుకోవాలి. చార్నా తన వంతు వేసి పారను మట్టిలో గుచ్చింది. గుచ్చాక చెయ్యి తీయడానికి రాలేదు. వెనకున్నవాళ్లు ఓపిగ్గా ఆగారు.

సంతాప దినాలకు ఆమె తల్లి ఇంట్లోనే కూర్చుంది. అద్దాల మీద దుప్పట్లు కప్పారు. చార్నా ఆచారం ప్రకారం చింపిన కోటు అంచుతో, ఉత్త కాళ్లతో, పొట్టి పీట మీద కూర్చుంది. పాతిపెట్టి వచ్చాక మొదటి భోజనం సొంతది తినకూడదు, ఇంకొకరు తెచ్చి పెట్టాలి. గిట్టెల్ ఉడికించిన గుడ్లు తెచ్చింది. కొత్త గిన్నెలో ఉడికించి, కాగితం పళ్లెంలో పెట్టి మరీ తెచ్చింది.

"చూశావా, మీ అమ్మ ఇంటికి నేను కూడా మూట కట్టుకొచ్చాను" అంది. నవ్వించాలనుకుంది. నవ్వు రాలేదు ఇద్దరికీ.

చార్నా వంటింట్లోకి వెళ్లలేదు. అక్కడ కుండీలున్నాయి.

మర్నాడు సాయంత్రం ప్రార్థనకు రబ్బీ పిన్‌హస్ వచ్చాడు. మాంట్రియల్ నుంచి వచ్చిన కుర్రవాడు, ఈ ఊరి చలికి ఇంకా అలవాటు పడలేదు. చెవులు కమిలిపోయి ఉన్నాయి. ప్రార్థనకు కావలసిన పదిమంది మగవాళ్లు ఇంకా రావాల్సి ఉంది. ఆయన ఆమె ముందు కుర్చీలో కూర్చుని, ఆచారం ప్రకారం ఆమె మాట్లాడేదాకా మౌనంగా ఉన్నాడు.

చార్నా శుక్రవారం సంగతి మొత్తం చెప్పింది. కుండీలు, గరిటె, కడుపు నొప్పి అబద్ధం, ముల్లంగి.

"నాకు ఫోన్ చెయ్యాల్సిందమ్మా" అన్నాడాయన.

"చేశాను రబ్బీ గారూ. రెండుసార్లు."

ఆయన తల దించుకున్నాడు. "సూపు కాచిన గిన్నె పాతదేనా?" అని అడిగాడు.

చార్నా తెల్లబోయింది. జవాబు వంటింటి గుమ్మంలోంచి వచ్చింది. గిట్టెల్ చేతిలో తుడిచే గుడ్డతో నిలబడి ఉంది.

"కొత్తది. నేనే కదా వెంట వెళ్లింది. పెస్యా బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది, పసిపిల్లని తెచ్చినట్టు. దాని ధర కాయితం కూడా నా ఎదురుగానే పీకింది."

"కోడి?"

"మీరు కొనే కొట్లోనే. మీ కోషర్ ముద్ర ఉంది దాని కాలికి."

"తిన్న గిన్నెలు?"

"గాజువి. అవీ కొత్తవే. ఆ గరిటె, చెంచాలు మాత్రం మార్చనంది. వాళ్లమ్మవి అవి. వాటితోనే పెట్టాలంది."

రబ్బీ వేళ్లతో గడ్డం పట్టుకున్నాడు. "గరిటె మట్టిలో ఎన్నాళ్లుంది?"

"ఆదివారం గుచ్చాం. శుక్రవారం మధ్యాహ్నం తీశాం. నడుమ ఎవరూ ముట్టలేదు."

ఆయన చాలా మెల్లిగా మాట్లాడాడు. "మట్టికి ఏ శక్తీ లేదమ్మా. అది మీకూ తెలుసు. కానీ ఒక పగలూ ఒక రాత్రీ వాడకుండా పక్కన పెట్టిన గరిటెలో ఇంకిన పాత వంట రుచి చెడిపోయినట్టే లెక్క. దాన్ని మళ్లీ వాడాలంటే మరిగించాల్సిందే. కానీ తెలియక దాంతో వడ్డించేస్తే, ఆ వంట చెడదు. తినొచ్చు. మీ అమ్మగారు మట్టిలో పెట్టడం వల్లే అన్ని రోజులు దాన్ని ఎవరూ వాడలేదు. ఆ సూపు మీరు తాగొచ్చు. ఆ రోజూ తాగొచ్చు."

చివరి మాట అనకుండా ఉండాల్సిందని ఆయనకు వెంటనే తెలిసింది. ఇన్నాళ్లూ చార్నా తను ధర్మానికీ అమ్మకూ మధ్య ఒకదాన్ని ఎంచుకున్నాననుకుంది. ఎంచుకోమని ధర్మం అడగనే లేదు. అడిగింది తన భయం.

మగవాళ్లు వచ్చారు. ప్రార్థన అయింది. ఈసారి తల్లి పేరున, తలుపు పక్కన నిలబడి, చార్నా ఆ మాటలు చెప్పింది. అందరూ వెళ్లిపోయాక లేచి వంటింట్లోకి నడిచింది.

"పిన్నీ, ఆ సీసా ఉందా?"

గిట్టెల్ ఏ సీసా అని అడగలేదు. ఫ్రీజర్ తెరిచి తీసింది. కొత్త గిన్నెలో వేసి పొయ్యి మీద పెట్టింది. గడ్డ మెల్లిగా కరిగి, సోయాకు పైకి తేలింది. వాసన ఇల్లంతా నిండుతుంటే చార్నా కిటికీ దగ్గరికి వెళ్లింది. మిగిలిపోయిన రెండు చెంచాలు ఇంకా జెరానియం మొదట్లోనే ఉన్నాయి. ఒకటి తీసింది. మట్టి పొడిబారిపోయి ఇట్టే వచ్చింది. నీళ్ల కింద కడిగి, ఇంకో పొయ్యి మీద నీళ్లు మరగబెట్టి, అందులో పూర్తిగా మునిగేలా వేసింది.

"ప్లాస్టిక్‌ది ఉంది కదే, అంత అవస్థెందుకు?" అంది గిట్టెల్.

"ఇది అమ్మ పెట్టింది పిన్నీ. ఆవిడ పని ఆవిడ చేసింది. మిగిలింది నేను చెయ్యాలి."

మరిగిన చెంచా తీసి చన్నీళ్లలో ముంచి తుడిచింది. సంతాప దినాల్లో కుర్చీలో కూర్చోకూడదు గనక పొట్టి పీట అక్కడికే తెచ్చుకుంది. గాజు గిన్నె ఒళ్లో పెట్టుకుని మొదటి చెంచా నోట్లో పెట్టుకుంది.

ఉప్పు. నాలుక మండేటంత ఉప్పు.

గిట్టెల్ ఆమె మొహమే చూస్తోంది. చూసి, గుడ్డతో కళ్లొత్తుకుంది. "నేను అప్పుడే చెప్పాల్సింది. కోషర్ కొట్టువాడు నెత్తురు లాగడానికి కోడికి ముందే ఉప్పు పట్టించి అమ్ముతాడు కదా. ఇన్నేళ్లు మామూలు కోడి వండిన మనిషి, ఆ సంగతే మర్చిపోయింది. ఎప్పట్లాగే గుప్పెడు వేసింది. రుచి చూద్దామంటే డాక్టరు వద్దన్నాడు. నేను రెండు గిన్నెలు తాగి, ఇంటికెళ్లి కుళాయి కింద నోరు పెట్టాను. ఎలా ఉందని అడిగితే ఏం చెప్పను? ఆ మొహం చూసి ఏం చెప్పను? ఇటివ్వు, వేణ్నీళ్లు కలిపిస్తాను."

"వద్దు పిన్నీ."

"గొంతు మండుతుందే."

"సరిపోయింది" అంది చార్నా, ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీ వైపు తిరిగి. "సరిపోయిందమ్మా."

గిన్నె ఖాళీ అయ్యేదాకా ఆగకుండా తాగింది. పెదవులు చిట్లినట్టు మండాయి. పొయ్యి మీద ఇంకొంచెం మిగిలి ఉంది. గాజు గిన్నె ముందుకు చాపింది. గిట్టెల్ ఇంకా మరిగించని గరిటె కోసం చెయ్యి చాచి, ఆగి, పొయ్యి మీది గిన్నెనే ఎత్తి వంచి మిగిలిందంతా పోసింది.